గీత దాకా నీళ్ళు

పసుపు కొమ్ములు ఎండబెట్టింది కృష్ణవేణి. రోలు కడిగింది కృష్ణవేణి. రోకలికి మామిడాకులు కట్టబోతుంటే వెనక నుంచి వీధి పెద్దావిడ రత్నాలమ్మ కేకేసింది, పొయ్యి మీద పప్పు అడుగంటుతోందేమో చూసి రమ్మని. పప్పు అడుగంటడం లేదు. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. ఆ సంగతి రత్నాలమ్మకి తెలుసు, కృష్ణవేణికి తెలుసు, రోటి చుట్టూ చేరిన ఆడవాళ్ళందరికీ తెలుసు. కృష్ణవేణి దారం ఉండ రోటి పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, వెలగని పొయ్యి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

నాలుగేళ్ళ కిందటి మాట అది. తోటికోడలు ఉమామహేశ్వరి పెద్దకూతురి పెళ్ళి. చిన్నప్పుడు ఆ పిల్లకి రోజూ రెండు జడలు వేసి బడికి పంపిన చేతులే కృష్ణవేణివి. పెళ్ళిపిల్ల పసుపు మాత్రం ఆ చేతులు ముట్టకూడదు. అప్పటికి ఆమె మొగుడు పోయి అయిదేళ్ళు. ఎవరూ కసరలేదు, ఎవరూ మాట తూలలేదు. పప్పు చూసి రమ్మన్నారు, అంతే. బయట రోకలి పోటు వినిపిస్తుంటే లోపల ఆమె ఉత్తి పొయ్యిలో కొబ్బరి డొక్కలు పేర్చి, మళ్ళీ తీసి, మళ్ళీ పేర్చింది. ఆ తర్వాత వీధిలో ఎన్ని పెళ్ళిళ్ళు జరిగినా, రోలు బయటికి తీస్తున్నారంటే చాలు, ఎవరూ చెప్పకముందే వంటింటి వైపు నడవడం అలవాటు చేసుకుంది.

సుమ్మాదేవి స్టేషన్‌లో దిగి సముద్రం వైపు మూడు కిలోమీటర్లు నడిస్తే ఉద్దానంలో వాళ్ళ ఊరు. జీడితోటలు, కొబ్బరితోటలు, వాటి మధ్య వీధులు. కృష్ణవేణి వీధిలో ఇరవై రెండు ఇళ్ళుంటే పదకొండు ఇళ్ళలో ఆడవాళ్ళే పెద్దలు. మగవాళ్ళు కిడ్నీల జబ్బుతో ఒకరి తర్వాత ఒకరు పోయారు. నీళ్ళ వల్లనో, ఎండలో చేసే పని వల్లనో, ఇంకే కారణమో, ఇదీ అని తేల్చి చెప్పినవాళ్ళు ఇంతవరకు లేరు. కారణం తేలలేదు గానీ దోషం ఎవరిదో మాత్రం ఊరు ఎప్పుడో తేల్చేసింది. పెళ్ళాం నొసటి మీద రాసేసింది.

కృష్ణవేణి మొగుడు ఢిల్లీరావు కొబ్బరికాయలు దింపేవాడు. పొద్దున్న చెట్టెక్కితే మధ్యాహ్నానికి నలభై చెట్లు దింపి గాని ఇంటికొచ్చేవాడు కాదు. జబ్బు బయటపడ్డాక, బొండం నీళ్ళు నీకు విషంతో సమానం అన్నారు ఆస్పత్రిలో. చెట్టు మీద పుట్టి పెరిగినవాడు బొండం వైపు చూడకూడదు. మామూలు నీళ్ళు కూడా రోజుకి ఇంతే అని కొలత పెట్టారు. ఆ కొలత కోసం ఢిల్లీరావు తమ పెళ్ళిలో చదివింపుల్లో వచ్చిన స్టీలు గ్లాసు ఒకటి తీసుకున్నాడు. దాని మీద ఇద్దరి పేర్లూ పెళ్ళి తేదీ చెక్కి ఉన్నాయి. మేకుతో లోపల ఒక గీత గీశాడు. గీత దాకా నీళ్ళు, రోజుకి అయిదుసార్లు. ఆరోసారి దాహమేస్తే ఖాళీ గ్లాసు పెదాలకి ఆనించుకుని కూర్చునేవాడు. చల్లగా ఉంటాదే, అనేవాడు. మూడేళ్ళు అలా గడిపి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి కృష్ణవేణి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్తోంది. పొద్దున్న ప్యాసింజరెక్కి వెళ్ళి, విరగని పప్పు ఒక గంపలో, బద్దలు ఇంకో గంపలో, ముక్కలు మరో గంపలో ఏరి, సాయంత్రం బండికి తిరిగి రావడం. విరగని పప్పు మంచి ధరకి పెళ్ళిళ్ళకి పోతుంది. ఆ లెక్కన ఆమె చేతులు తాకని పెళ్ళి పాయసం ఆ చుట్టుపక్కల లేదు. పప్పుకి లేని మైల మనిషికి ఎలా వచ్చిందో ఎవరూ ఆలోచించలేదు. ఆమె కూడా ఆలోచించలేదు. ఒక్కతే కూతుర్ని చదివించే హడావిడిలో ఆలోచనకి తీరిక దొరకలేదు.

ఆ కూతురు ప్రవల్లిక. టెక్కలిలో మందుల షాపులో పనిచేస్తుంది. అదే వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కామేశ్‌ది సంతబొమ్మాళి దగ్గర పల్లె. ఇద్దరూ ఇష్టపడ్డారు. ఇరువైపుల పెద్దలూ ఒప్పుకున్నారు. కన్యాదానం చెయ్యడానికి తండ్రి లేడు కాబట్టి పెదనాన్న సన్యాసిరావు, ఉమామహేశ్వరి పీటల మీద కూర్చుంటారని అందులోనే అనేసుకున్నారు. ఎవరూ కృష్ణవేణిని అడగలేదు. అడగాల్సిన విషయమని ఎవరికీ తోచలేదు.

ముహూర్తం పెట్టే రోజు పంతులు గారు పంచాంగం విప్పితే ఉమామహేశ్వరి ఆస్పత్రి కార్డు విప్పింది. సన్యాసిరావుకి కూడా రెండేళ్ళుగా అదే జబ్బు. సోమవారం, గురువారం డయాలసిస్. పంతులు గారు చెప్పిన మొదటి ముహూర్తం సోమవారం పడింది. ఉమామహేశ్వరి తల అడ్డంగా ఊపింది. ఈ ప్రాంతంలో పంతుళ్ళకి ఇది కొత్త కాదు. వర్జ్యం, దుర్ముహూర్తంతో పాటు ఇదీ ఒకటి అని ఆయన నవ్వకుండానే పేజీ తిప్పి, శుక్రవారం పొద్దున్న పది నలభై రెండు ఖాయం చేశారు. ముందురోజు రక్తం శుభ్రం చేయించుకుని వస్తే సన్యాసిరావు గంటన్నర పీట మీద కూర్చోగలడు.

ప్రవల్లిక తన పెళ్ళి ఎలా ఉండాలో షాపు బిల్లుబుక్కు వెనక అట్ట మీద రాసుకుంది. పెద్ద కోరికలేం కావు. వచ్చినవాళ్ళకి ప్లాస్టిక్ డబ్బాల బదులు అమ్మ చేత్తో ఏరిన జీడిపప్పు గుప్పెడేసి ఇవ్వాలి. పందిరి బట్టలతో వద్దు, అమ్మ అల్లే కొబ్బరాకుతో వెయ్యాలి. శుభలేఖ మీద అమ్మ పేరుండాలి. ఈ మూడోదానికి చిన్న గొడవ జరిగింది. పెదనాన్న పలాసలో అచ్చుకిచ్చిన కాగితంలో ‘మా తమ్ముడు కీర్తిశేషులు ఢిల్లీరావు గారి కుమార్తె’ అని మాత్రమే ఉంది. ప్రవల్లిక తనే వెళ్ళి తండ్రి పేరు పక్కన తల్లి పేరు చేర్పించింది. చచ్చిపోయినోల్ల పేరు వెయ్యొచ్చు గానీ బతికున్నోల్ల పేరు వెయ్యకూడదేటండీ అని అడిగితే అచ్చు వేసేవాడు గుడ్లప్పగించాడట.

అచ్చయిన శుభలేఖల్లో ఒకటి కృష్ణవేణి టిఫిను సంచిలో పెట్టుకుంది. సుమ్మాదేవిలో బండెక్కాక తీసి, తన పేరు దగ్గర వేలు పెట్టి కూడబలుక్కుని చదువుకుంది. పలాస వచ్చేదాకా మడిచింది, విప్పింది. పక్కన కూర్చున్నవాళ్ళకి చూపిద్దామా అనిపించింది. చూపిస్తే బొట్టు లేని నుదుటి వైపు చూస్తారని మళ్ళీ లోపల పెట్టేసింది.

బిల్లుబుక్కు అట్ట మీద ఆఖరి కోరిక గ్లాసు గురించి. పెళ్ళికొడుకు కాళ్ళు కడిగేటప్పుడూ కన్యాదానానికి ధార పోసేటప్పుడూ తండ్రి పక్కనుండి నీళ్ళు పోసేది తల్లి. ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రవల్లిక అటక మీంచి ఆ గ్లాసు దింపి తల్లి ఒళ్ళో పెట్టింది.

“నాన్న ఎలాగూ రాడు. ఈ గ్లాసుతో నువ్వు నీలు పొయ్యాల. ఇద్దరి పేర్లూ ఉన్నాయి దీని మీద.”

“ఊరుకోయే. నలుగురూ ఏటనుకుంతారు?”

“ఆ నలుగుర్లో ఇద్దరు నీలాటోలేనమ్మా. వొల్లేటనుకుంతారు?”

కృష్ణవేణి గ్లాసు మీది దుమ్ము కొంగుతో తుడిచింది. కూతురు అప్పటికే కామేశ్‌కి చెప్పిందట. కాస్త చూసి పొయ్యమను, కొత్త పంచె తడిసిపోతాది అన్నాడట అతను. ఆ మాటకి కృష్ణవేణికి నవ్వొచ్చింది. నవ్వుతూనే గ్లాసులోకి చూసింది. మేకు గీత నల్లబడి ఉంది.

సన్యాసిరావు మాత్రం ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు. తమ్ముడు పోయాక తమ్ముడి వాటా జీడితోట మీద కన్ను వేయకుండా మరదలి చేతికే వదిలిన మనిషి. ఇంటికొచ్చి, గడప దగ్గర కూర్చుని, తలవంచుకుని ప్రవల్లికతో చెప్పాడు.

“మీ అమ్మంటే నాకేటి కోపమా తల్లీ? రేపొద్దున నీకో, ఆ కుర్రోడికో ఏటైనా అయితే ఊరు ఈ నీల మాటే ఎత్తుతాది. మీ అమ్మ ఆ మాట మొయ్యగలదా?”

“మాకేటైనా అయితే నీలు పోసినందుకు కాదు పెదనాన్నా, నీలు తాగినందుకే అవుతాది.”

సన్యాసిరావు తన ఎడమ చేతి మీద డయాలసిస్ సూదులు గుచ్చి లేచిన ముడుల్ని కుడి చేత్తో కప్పుకున్నాడు. చివరికి గ్లాసు ఉండొచ్చు, పోసేది పెద్దమ్మ అని తేల్చారు. కృష్ణవేణే తేల్చింది నిజానికి. బావ మాట నాకు సమ్మతమే అంది. కూతురు ఆమె వైపు చూసిన చూపు తట్టుకోలేక గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

కూతురికి చెప్పనిది ఒకటుంది. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే బండికి బయల్దేరే ముందు, ప్రవల్లిక ఇంకా లేవకముందు, కృష్ణవేణి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో నిలబడి ఆ గ్లాసుతో నీళ్ళు పోసేది. గీత దాకా నింపి, సన్నగా, తెగకుండా. ధార తెగకూడదంటారు. మొదటి రోజు మూడుసార్లు తెగింది. వారం తిరిగేసరికి తెగడం మానేసింది. పొయ్యనని తనే ఒప్పుకుంది. ఎందుకు నేర్చుకుంటోందో తనకే తెలియదు. ఎవరైనా చూస్తే చెట్టుకి నీళ్ళు పోస్తున్నాననేది. ఎవరూ చూడలేదు.

పసుపు దంచే రోజు వచ్చింది. అయిదుగురు ముత్తైదువులు కావాలి. వీధిలో ఈ వ్యవహారాలన్నీ నడిపేది రత్నాలమ్మ. డెబ్బై దాటినా మొగుడు గట్టిగా ఉన్నాడు, ఆమె అధికారమంతా అదే. వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. తను, ఉమామహేశ్వరి, వీధి చివర ఇద్దరు. నాలుగో వేలు దగ్గర ఆగిపోయింది. పోయిన నెల దాకా లెక్కలో ఉన్న మనిషి ఈ నెల లెక్కలో లేదు. మొగుళ్ళున్న మిగతా ఇళ్ళవాళ్ళు కూలిపనులకి వలస పోయారు. మిగిలినవాళ్ళంతా నుదురు ఖాళీగా గడపల్లో నిలబడి చూస్తున్నారు.

“అయిదో మనిషి ఇంట్లోనే ఉంది కదా మామ్మా,” అంది ప్రవల్లిక.

“నోరు ముయ్యే గుంటా. శుభమా అని పెల్లి సేసుకుంతూ ఏటా మాటలు?”

ప్రవల్లిక తల్లి వైపు తిరిగింది. అక్కడ తల్లి లేదు. ఈసారి పప్పు మాట ఎవరూ ఎత్తక్కర్లేకపోయింది.

పక్క ఊరికి ఆటో పంపారు. గంటన్నర పట్టింది. ఎండ నడినెత్తికొచ్చింది. వచ్చినావిడ ఎవరో ఎవరికీ సరిగ్గా తెలియదు, మెడలో సూత్రాలున్నాయి, అంతే కావాలి. రోకలి అందుకుంటూ, పిల్ల పేరేటి అని అడిగింది. గోడకి ఇవతల వంటింట్లో కూర్చున్న కృష్ణవేణికి ఆ ప్రశ్న స్పష్టంగా వినిపించింది. తొమ్మిది నెలలు మోసి, నొప్పులు పడి, పేరు పెట్టి, తొమ్మిదేళ్ళు ఒక్కతే సాకిన మనిషి లోపల. పేరు తెలియని మనిషి రోకలి దగ్గర. దీన్ని ఆచారమంటారు.

శుక్రవారం పొద్దున్న కొబ్బరాకు పందిరి కింద జనం నిండారు. పందిరి అల్లిక చూసి సంతబొమ్మాళి వాళ్ళు మెచ్చుకున్నారు. అల్లిన మనిషి పందిరి అంచున చివరి రాట పక్కన నిలబడి ఉంది, నీడ ఎక్కడ అయిపోయి ఎండ మొదలవుతుందో సరిగ్గా అక్కడ. తెల్లవారుజామునే గ్లాసుని చింతపండుతో తోమి పళ్ళెంలో పెట్టి పంపింది. వంట టెక్కలి నుంచి వచ్చిన వంటవాళ్ళు చేస్తున్నారు. ఆమెకి పని లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రాటని పట్టుకుంది.

సన్యాసిరావు పీట మీద నీరసంగా కూర్చున్నాడు. పంతులు గారు నీళ్ళు తెమ్మన్నారు. ఉమామహేశ్వరి పళ్ళెంలోంచి గ్లాసు తీసి, బిందెలో ముంచి, పైకెత్తి, ఎక్కువైన నీళ్ళు కాస్త వంచేసింది. నీళ్ళు సరిగ్గా గీత దాకా ఉన్నాయి. ఎవరూ చెప్పలేదు ఆమెకి. రోజూ చేసే చెయ్యి అది, దానంతటదే ఆగింది. రెండేళ్ళ కిందట సన్యాసిరావుకి జబ్బని తెలిసిన రోజు ఆమె ఏడుస్తూ కృష్ణవేణి దగ్గరికి వచ్చింది. అప్పుడు కృష్ణవేణి ఏ ఓదార్పూ చెప్పలేదు. ఒక గ్లాసు తెమ్మని, ఢిల్లీరావు వాడిన మేకుతోనే లోపల గీత గీసి ఇచ్చింది.

ఉమామహేశ్వరి ఆ గీత వైపు చూసింది. పక్కన మొగుడి చేతి మీద ముడుల వైపు చూసింది. లేచి నిలబడి, రాట దగ్గరున్న కృష్ణవేణి వైపు తిరిగింది.

“కిట్నా, ఇటురా. నువ్వు పొయ్యే.”

సన్నాయి ఆగలేదు గానీ మనుషులు ఆగారు. రత్నాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సన్యాసిరావు తలెత్తలేదు, వద్దనలేదు. పంతులు గారు వాచీ చూసుకుని, ఎవరో ఒకరు కానివ్వండమ్మా, ముహూర్తం దాటిపోతోంది అన్నారు. ఆయనకేం అభ్యంతరం లేదు. పదడుగుల దూరం. ఆ పదడుగుల్లో ఎవరూ అడ్డం నిలబడలేదు. పెళ్ళికూతురు మెడ తిప్పి చూస్తోంది, నుదుట బాసికం పక్కకి జరిగింది. కామేశ్ కాళ్ళు పళ్ళెంలో పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

కృష్ణవేణి చెయ్యి రాట మీంచి లేచింది. నెలరోజులు కొబ్బరిచెట్టు దగ్గర నేర్చుకున్న చెయ్యి అది. ఒక అడుగు ముందుకి వేసింది కూడా. అప్పుడు బావ మాట చెవిలో మోగింది. ఏటైనా అయితే. పళ్ళెంలో ఉన్న ఆ కుర్రవాడి పాదాలు చూసింది, తెల్లగా, నున్నగా, ఏ జబ్బూ ఎరగని పాదాలు. ఆమె కాళ్ళు వెనక్కి నడిచాయి. ఆమె నడపలేదు, అవే నడిచాయి. నాలుగేళ్ళుగా వాటికి తెలిసిన దారి ఒక్కటే.

“పొయ్యి మీద పప్పుంది అప్పా. సూసొత్తాను.”

వెనక్కి తిరిగాక ఆమెకి పళ్ళెంలో నీళ్ళు పడిన చప్పుడు వినిపించింది. సన్నగా మొదలై, మధ్యలో ఒకసారి తెగి, మళ్ళీ మొదలైంది. పోసింది ఉమామహేశ్వరి.

సాయంత్రం ప్రవల్లిక కారెక్కే ముందు తల్లిని పట్టుకుని ఏడ్చింది. ఎందుకు రాలేదని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని కృష్ణవేణికి అనిపించింది. బంధువులు వెళ్ళిపోయారు. ఉమామహేశ్వరి గ్లాసు తెచ్చి గూట్లో పెట్టి, తోటికోడలి భుజం మీద కాసేపు చెయ్యి ఉంచి, మొగుడికి మందుల వేళయిందని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న లేచేసరికి ఇంట్లో ఒక్క మనిషి అలికిడే ఉంది, అది తనదే. కృష్ణవేణి గ్లాసు నింపుకుని పెరట్లోకి వెళ్ళింది. కొబ్బరిచెట్టు మొదట్లో నిలబడి పోసింది. గీత దాకా ఉన్న నీళ్ళు ఆఖరి బొట్టు వరకు ఒక్క ధారగా పడ్డాయి. ఒక్కసారి కూడా తెగలేదు. తర్వాత గ్లాసు బోర్లించి, టిఫిను కట్టుకుని, సుమ్మాదేవి వైపు నడిచింది.

ఇది చదివి, అయ్యో, పిలిచినప్పుడు వెళ్ళాల్సింది అనుకునేవాళ్ళుంటారు. ఇన్నేళ్ళు వెలగని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఒక్క నిమిషం చెయ్యి చాపి, ఆమే రాలేదంటే సరిపోదు. ఉద్దానం మగవాళ్ళని తినేస్తున్న జబ్బుకి కారణమేమిటో తేల్చమని సర్కారుని అడుగుదాం, తేల్చేదాకా అడుగుతూనే ఉందాం. కానీ రోటి దగ్గర ఎవరుండాలో తేల్చడానికి ఏ సర్కారూ అక్కర్లేదు. అది మీ గుమ్మంలో మీరే తేల్చగలిగిన పని. ఈ మాఘంలోనో, వచ్చే శ్రావణంలోనో మీ ఇంట్లో పెళ్ళుంటుంది. ముత్తైదువుల కోసం వేళ్ళు ముడవకండి. పక్క ఊరికి ఆటో పంపకండి. మొదటి పసుపు కొమ్ము రోట్లో వెయ్యకముందే వంటింట్లోకి వెళ్ళండి. అక్కడ మీ అమ్మో, పిన్నో, వదినో పొయ్యి ఎదురుగా కూర్చుని ఉంటుంది. పేరు పెట్టి, అందరికీ వినబడేలా పిలవండి. రానంటుంది, పప్పుందంటుంది. పొయ్యి వెలగలేదని మీకు తెలుసు. అక్కడే నిలబడండి. ఆమె లేచేదాకా రోకలి ఎవరి చేతికీ ఇవ్వకండి.